ఆన్‌లైన్‌లో బ్లేజర్ కొనేటప్పుడు నాణ్యత ఎలా పోల్చుకోవాలి?

చూపులకు ఒకేలా ఉన్న రెండు నేవీ బ్లూ బ్లేజర్లలో ఒకదాని ధర రెండో దానికి రెట్టింపు ఎందుకుందని, ఫొటో చూసి తేడా పట్టగలమా అని అడిగారు. ముందువైపు ఫొటోతో పట్టలేం. బొమ్మకు తొడిగి వెనక క్లిప్పులు పెట్టి లాగితే ఎలాంటి కోటైనా ఒంటికి అతికినట్టే కనిపిస్తుంది. కొన్నేళ్లుగా కోట్లు ఇలాగే కొంటున్న నేను ఫొటోల దగ్గరికి చివర్లోనే వెళ్తాను.

ముందు చూసేది బట్టలో ఉన్ని ఎంత శాతమన్నది. ‘ప్రీమియం ఫ్యాబ్రిక్’ అనో, ‘ఉన్నిలాంటి స్పర్శ’ అనో రాసి శాతాలు రాయలేదంటే ఉన్ని లేదనే లెక్క వేసుకుంటాను. ‘ఉన్ని మిశ్రమం’ అన్న కోటు ఒకటి తెప్పిస్తే, లోపలి చీటీ ప్రకారం అందులో ఉన్ని పదో వంతు కూడా లేదు. వెంటనే వాపసు పంపాను. ఉన్ని బట్టలకిచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ అయిన వూల్‌మార్క్ గుర్తులు కాస్త నయం: ‘వూల్‌మార్క్ బ్లెండ్’ అంటే కనీసం 50 శాతం, ‘వూల్ బ్లెండ్’ అంటే కనీసం 30 శాతం కొత్త ఉన్ని (పాత బట్టల నుంచి తీసినది కాని ఉన్ని) ఉండాలి. పాలిస్టర్, విస్కోస్ కలిసిన బట్ట పనికిరాదని కాదు. అప్పుడప్పుడు వేసుకునేందుకు అది చాలు, ముడతలూ తక్కువే. దానికి ఉన్ని ధర పెట్టడమే దండగ.

‘సూపర్ 120’ లాంటి అంకెలు ఉన్ని పోగు ఎంత సన్నమో చెబుతాయి. సూపర్ 100లో పోగు మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 120లో 17.75కు మించదు. అంకె పెరిగేకొద్దీ బట్ట మెత్తన, అరుగుదలా ఎక్కువే. రోజూ ఆఫీసుకు వేసుకునేవారు 120 దాటి వెళ్లనక్కర్లేదు. పాలిస్టర్ కోటు మీద ఈ అంకె కనిపించిందా, ఆ అమ్మకందారును వదిలేయండి.

ధరలో అసలు తేడా కంటికి కనపడని చోట ఉంటుంది. కోటు ముందు భాగం బిగువుగా నిలబడటానికి బట్టకూ లైనింగ్‌కూ మధ్య ఒక పొర వేస్తారు. చవక రకాల్లో దాన్ని జిగురుతో, వేడితో అతికిస్తారు. దర్జీలు పేస్టింగ్ అనేది దీన్నే. ఖరీదైన వాటిలో గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్‌ను దారంతో కుడతారు. హాఫ్ కాన్వాస్ అయితే అది ఛాతీ భాగానికే పరిమితం. కాన్వాస్ వేసినవాళ్లు ఆ సంగతి చాటుకుంటారు. వివరాల్లో ఆ ఊసే లేకపోతే పేస్టింగే అనుకోండి. మంచి పేస్టింగ్ చాలాకాలం మన్నుతుంది. నాసిరకమైతే డ్రై క్లీనింగ్ తర్వాత ఛాతీ మీద బొబ్బల్లా ఉబ్బుతుంది, దాన్ని సరిచేయడం దాదాపు అసాధ్యం. అందుకే రివ్యూల్లో పార్సిల్ విప్పగానే పొగిడినవారిని పక్కనపెట్టి, కొన్ని నెలలు వాడినవారి మాటలు వెతుకుతాను.

ఇక ఫొటోల్లో చూడాల్సినవి: గళ్ల బట్టయితే జేబు మూత మీది గళ్లు కోటు గళ్లతో కలిశాయా, కాజాల దారం లేచిపోయి ఉందా. లోపలివైపు ఫొటో లేకపోతే అడగండి. మీ రెండింటిలో ఉన్ని శాతమూ లోపలి పొర సంగతీ రాసినదాన్నే ముందు తెప్పించమంటాను, అది చవకదైనా సరే.

సైజు అక్షరాలను నమ్మవద్దు. మీకు చక్కగా సరిపోయే పాత కోటును పరిచి భుజాలు, చంక నుంచి చంకకు వెడల్పు, పొడవు కొలిచి పోల్చండి. నడుము, చేతులు దర్జీ సరిచేయగలడు. భుజాలు మాత్రం విప్పి మళ్లీ కుట్టినంత పని.

కోటు వచ్చాక కింది గుండీ దగ్గర బట్టను పైనుంచీ లోపలినుంచీ వేళ్లతో పట్టుకుని పొరలు విడదీయండి. మధ్యలో మూడో పొర విడిగా కదిలితే కాన్వాస్ ఉన్నట్టే. హాఫ్ కాన్వాస్‌కు ఇదే పరీక్ష ఛాతీ దగ్గర చేయాలి. జేబులకూ వెనక చీలికకూ వేసిన కచ్చా కుట్లు మాత్రం కోటు ఉంచుకోవాలని తేల్చుకున్నాకే విప్పండి. ముందే విప్పితే వాపసు దగ్గర పేచీ పెడతారు.