యాభై దాటాక బరువులు ఎత్తితే ఎముకలు గట్టిపడతాయా, అరిగిపోతాయా?

అరగవు, యాభై దాటాక కూడా బరువులు ఎత్తితే ఎముకలు కాస్త గట్టిపడతాయి, లేదా కనీసం వాటి తరుగుదల నెమ్మదిస్తుంది. ఆ వయసులో అదే పెద్ద లాభం.

ఎముక రాయి కాదు, ప్రాణమున్న కణజాలం. కొన్ని కణాలు పాత ఎముకను తొలుస్తుంటే, కొన్ని కొత్తది కడుతుంటాయి. నడివయసుకొచ్చేసరికి తొలిచేవాటిదే పైచేయి. ఆడవాళ్లలో నెలసరి ఆగిన తొలి కొన్నేళ్లలో ఆ వేగం మరీ ఎక్కువ. బరువు ఎత్తినప్పుడు కండరం ఎముకను గట్టిగా లాగుతుంది. ఆ ఒత్తిడికే కట్టే కణాలు పనిలోకి దిగుతాయి, అదీ ఒత్తిడి పడిన చోటే. టెన్నిస్ ఆటగాళ్లను చూడండి: రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా మందంగా ఉంటుంది. మనిషి ఒకరే, తిండీ ఒకటే!

చాలామంది పొరబడేది ఇక్కడే: పాలు, క్యాల్షియం మాత్ర, పొద్దున వాకింగ్ ఉంటే చాలనుకుంటారు. క్యాల్షియం ఇటుకల్లాంటిది, మేస్త్రీ లేకుండా గోడ లేవదు. నడక గుండెకు మంచిదే గానీ, రోజూ నడిచేవాళ్ల ఎముకకు అది అలవాటైన బరువే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవండి. అది తేలికయ్యాక చెరో చేతిలో లీటరు నీళ్ల బాటిల్ పట్టుకుని లేవండి, తర్వాత బరువు పెంచండి. వారానికి 2, 3 రోజులు చాలు. ఫలితం స్కాన్‌లో కనిపించాలంటే దాదాపు ఏడాది పడుతుంది. ఎముకలు ఇప్పటికే గుల్లబారాయని తేలితే మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి, నడుం వంచి బరువులు ఎత్తకూడదు.