ఆలిస్ కథతో ఇంగ్లీషు మాటలు నేర్పడం, కథలు రాయించడం: నా తరగతి అనుభవం

మీ పాప ఆరో తరగతి చదువుతోందని, సెలవుల్లో లూయిస్ కారొల్ రాసిన ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ను ఇంగ్లీషులోనే చదివిస్తూ రోజుకు పది మాటలకు అర్థాలు రాయిస్తున్నారని, వారం తిరిగేసరికి అవన్నీ మరచిపోతోందని, సొంతంగా ఏదైనా రాయమంటే ‘నాకేమీ తోచడం లేదు’ అంటోందని రాశారు. నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తాను. నాలుగేళ్లుగా ఇదే పుస్తకాన్ని ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో చదివిస్తున్నాను. మీరు ఇప్పుడు చేస్తున్నదే మొదటి ఏడాది నేనూ చేశాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ ఏడాది అధ్యాయానికి ఇరవై మాటలు నల్లబల్ల మీద తెలుగు అర్థాలతో రాసి, శనివారం శనివారం పరీక్ష పెట్టేదాన్ని. మార్కులు బాగానే వచ్చేవి. ‘క్యూరియస్’ అనే మాటకు ‘ఆసక్తి గల’ అని రాయించాను. ఒక అబ్బాయి దాన్ని వాడి ‘ఐ యామ్ క్యూరియస్ ఇన్ క్రికెట్’ అని వాక్యం రాస్తే ఎర్ర సిరాతో కొట్టేశాను. ‘టీచర్, నాకు క్రికెట్ అంటే ఆసక్తే కదా’ అని అడిగాడు వాడు. తప్పు వాడిది కాదు, నేనిచ్చిన అర్థానిది. మర్నాడు పట్టిక పక్కన పెట్టి, కుందేలు జేబులోంచి గడియారం తీసి చూసుకుని పరుగెత్తడం, అదేమిటో తెలుసుకోకుండా ఉండలేక ఆలిస్ దాని వెంటపడడం మళ్లీ చదివి వినిపించి, ‘మీరెప్పుడైనా ఇలా దేని వెంటనైనా పరుగెత్తారా?’ అని అడిగాను. అటక మీద పిల్లికూనల అరుపులు వినబడితే రాత్రివేళ ఒంటరిగా నిచ్చెన వేసుకుని ఎక్కానని ఒక అమ్మాయి చెప్పింది. ఆ నిచ్చెన ఎక్కించినదే ‘క్యూరియస్’ అన్నాను. తరువాత ఆ మాటను ఎవరూ తప్పుగా వాడలేదు.

అప్పటి నుంచి అధ్యాయానికి ఐదారు మాటలకు మించి తీసుకోవడం లేదు. పన్నెండు అధ్యాయాలకు కలిపి డెబ్బై లోపే అవుతాయి, ఆ వయసుకు అవి చాలు. ఏ మాట తెలియకపోతే ఆ సన్నివేశమే అర్థం కాదో, ఏది రేపు మరో పుస్తకంలోనూ ఎదురవుతుందో దాన్నే ఎంచుకుంటాను. పాతకాలపు దుస్తుల పేర్లు, తినుబండారాల పేర్లు వస్తే ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతాను. రెండో అధ్యాయం మొదట్లో ఆలిస్ ఆశ్చర్యంతో ‘క్యూరియసర్’ అనేస్తుంది. మంచి ఇంగ్లీషు ఎలా మాట్లాడాలో ఆ క్షణాన మరచిపోయిందని రచయితే చెబుతాడు. సరైన రూపం ఏమిటని అడిగితే ‘మోర్ క్యూరియస్’ అని పిల్లలే దిద్దుతారు, వ్యాకరణ పాఠం అక్కడే అయిపోతుంది.

ఇక రాయించడం గురించి. నా తరగతిలో అన్నిటికన్నా బాగా పండినది మొదటి అధ్యాయంలోని సీసా. ‘నన్ను తాగు’ అని రాసి ఉన్న ఆ సీసాలోని ద్రవం ఆలిస్‌కు చెర్రీ టార్ట్, కస్టర్డ్, అనాసపండు, కాల్చిన టర్కీ కోడి, టాఫీ, వెన్న రాసిన వేడి రొట్టె అన్నీ కలిసిన రుచిగా తోస్తుంది. వీటిలో సగం మా పిల్లలు ఎరగనివి. అందుకని, ‘మీ సీసాలో ఏ ఆరు రుచులుంటాయో వరసగా రాయండి, నైస్, టేస్టీ, గుడ్ అనే మాటలు మాత్రం వాడకూడదు’ అన్నాను. ఒక అమ్మాయి మామిడి తాండ్రతో మొదలుపెట్టి, వేయించిన పల్లీలు, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు దాటి నేరేడు పండు దగ్గర ఆగిపోయింది. ‘వగరును ఇంగ్లీషులో ఏమంటారు టీచర్?’ అని అడిగింది. నాకూ వెంటనే తట్టక ఇద్దరం నిఘంటువు తిరగేసి ‘ఆస్ట్రింజెంట్’ అనే మాట పట్టుకున్నాం. ఎనిమిదో తరగతికి కాస్త బరువైన మాటే, కానీ ఏడాది తరువాత కూడా ఆ అమ్మాయికి అది అక్షరాలతో సహా గుర్తుంది. ఆ మాట తనకు కావలసి వచ్చింది, తనే వెతుక్కుంది.

ఆ సీసా తాగాక ఆలిస్ పది అంగుళాల ఎత్తుకు కుదించుకుపోతుంది. మీరు స్కేలు నేల మీద నిలబెట్టి పది అంగుళాలు చూపించండి. పాపను వంటింట్లో నేల మీద బోర్లా పడుకోబెట్టి, ఆ ఎత్తు నుంచి ఏమేమి కనిపిస్తాయో ముందు నోటితో చెప్పమనండి. ‘ఏమీ తోచడం లేదు’ అనే పిల్లలకు కథ రాయమని చెప్పడం కన్నా, నిలబడే చోటు మార్చి చూపించడం ఎంతో మేలు. మా తరగతిలో ఒకడు గ్యాస్ సిలిండరును కోట బురుజుగా, చీపురును అడవిగా రాసుకొచ్చాడు.

మూడో అధ్యాయంలో ఎలుక తన ‘టేల్’, అంటే కథ, చెబుతానంటే ఆలిస్ దాని ‘టెయిల్’, అంటే తోక, వైపు చూస్తుంది. ఆ కథను పుస్తకంలో తోకలాగే వంపులు తిప్పి అచ్చువేశారు. ఈ చమత్కారం తెలుగులోకి రాదు, రప్పించాలని ప్రయత్నించకండి. దానికి బదులు మన శ్లేషను గుర్తుచేయండి. చిత్రకవిత్వంలో పాము చుట్టల ఆకారంలో పద్యాన్ని అమర్చే నాగబంధం బొమ్మ ఒకటి చూపిస్తే పిల్లలు తోకను ఇట్టే అందుకుంటారు. ‘తాత పొలంలో నా పాలు ఎంత?’ అని అడిగితే పిల్లి గిన్నె తెచ్చుకుని కూర్చున్న కథ మా పిల్లలు రాసిందే.

ఆలిస్ కథల్లో రెండో పుస్తకం ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’ 1871 చివర్లో వచ్చింది. అందులో రెండు మాటలను ఒకే పెట్టెలో సర్దినట్టు కలిపేసే ఆట ఉంది. అలా పుట్టిన ‘చోర్టిల్’, అంటే సంతోషంతో కిలకిలమని నవ్వడం, ఇప్పుడు ఇంగ్లీషు నిఘంటువుల్లో చేరింది. దీన్ని ముందు తెలుగులో ఆడించండి. మధ్యాహ్న భోజనానికి ముందు పిరియడులో తనకు కలిగే బాధకు ఒక కుర్రవాడు ‘చిరాకలి’ అని పేరు పెట్టాడు. చిరాకు, ఆకలి కలిసిన మాటన్నమాట. అది ఇప్పటికీ మా బడిలో చలామణిలో ఉంది.

రాసేటప్పుడు ఇంగ్లీషు మాట తెలియని చోట కలం ఆపవద్దని, తెలుగు మాటే రాసి కింద గీత గీయమని పాపకు చెప్పండి. మొదటిసారి రాసిన దాంట్లో తప్పులు దిద్దకండి. సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఆ గీతలున్న మాటలను మాత్రమే వెతకండి. వారం చివర మీరు అడగవలసిన మాటలు అవే, వేరే పట్టిక అక్కర్లేదు.