బెంగుళూరు పెంకు మన పాతకాలపు పెంకేనా?

కాదు, బెంగుళూరు పెంకు నమూనా ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతానిది, మన దేశానికి వచ్చింది మంగళూరు మీదుగా.

ఒకదానిలో ఒకటి ఇమిడే ఇలాంటి పెంకును అక్కడ జిలార్డోనీ సోదరులు 1841లో రూపొందించారు. 1865లో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ సంస్థ మంగళూరులో కార్ఖానా పెట్టి, నేత్రావతి, గురుపుర నదుల బంకమట్టితో వాటిని అచ్చు వేయించింది.

అంతకుముందు మనకున్నవి కుమ్మరి చేసిన గూన పెంకులు. వాటిని ఒకదానిపై ఒకటి పేర్చడమే తప్ప పట్టు ఉండదు, కోతి దూకితే జారిపోతాయి, ఏటా వానలకు ముందు సర్దాలి. కొత్త పెంకు అడుగున ముక్కులాంటి కొక్కెం ఉంది, అది రీపరుకు, అంటే కప్పు మీద అడ్డంగా కొట్టే సన్న కర్రకు, తగులుకుంటుంది. పక్క అంచు గాడి పక్క పెంకు గాడిలో కూర్చుంటుంది. పెంకులన్నీ ఒకే కొలత కాబట్టి వంకర వెదుళ్లు పనికిరావు. వాసాలు, రీపర్లు కోత కర్రతో, సమాన దూరంలో ఉండాలి. అంటే పెంకుతో పాటు వడ్రంగి పనే మారిపోయింది.

ఉదాహరణకు 41 సెం.మీ. పెంకుకు రీపర్ల మధ్య దూరం సుమారు 32 సెం.మీ. ఇంకా ఎడంగా కొడితే పై పెంకు కింది దాన్ని చాలినంత కప్పదు, గాలివానకు నీరు వెనక్కి ఎక్కుతుంది. వాలు అడుగుకు ఆరంగుళాలకు తగ్గినా ఇదే తంటా.

చాలామంది పొరపడేది పేరు వల్ల, ఇది బెంగుళూరులో పుట్టిందని. ఎరుపు కూడా రంగు పూసింది కాదు, మట్టిలోని ఇనుము కాలి వచ్చింది.