బరంపురం పాత వీధులు మళ్లీ నిండాలంటే?

ఒడిశాలోని బరంపురంలో దేశిబెహరా వీధి వైపు పాత ఇళ్లకు తాళాలు పడుతున్నాయి, జనం శివారు ప్లాట్లకు పోతున్నారు, ఆపేదెలా అన్నది ప్రశ్న.

ముందు చూడాల్సింది రంగులూ దీపాలూ కాదు, ఇంటి పత్రాలు. తాత పేరునే ఉండిపోయిన ఇంటి మీద బ్యాంకు అప్పు పుట్టదు, కొనేవాడూ రాడు. వారసులంతా కూర్చుని పంపకాలు రిజిస్టరు చేయించుకోవాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ సమాన వాటా ఉంది. వాళ్ల సంతకాలు వదిలేస్తే తర్వాత కోర్టు తప్పదు.

తర్వాత గోడ. ఇక్కడ చాలాచోట్ల రెండిళ్లకు గోడ ఒకటే. ఒక ఇల్లు పడగొడితే పక్కింటికి బీటలు పడతాయి. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి, ఉప్పు పొంగి, ఇటుక పొడై రాలుతుంది. రెండు మూడు వారాలు నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి పూయండి.

రోడ్డు మీద రోడ్డు వేయనివ్వకండి. పాత పొర గీకాకే కొత్తది పడాలి, లేదంటే అరుగు దాటి వాననీళ్లు నట్టింట్లోకొస్తాయి.

మగ్గాలకు, కొట్లకు కింది గదులు, కాపురానికి మేడ అద్దెకివ్వండి. ఇక్కడి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకు జనం రెండేళ్లకోసారే వస్తారు. వీధిని నిలబెట్టేది రోజూ ఉండే ఈ అద్దెలే.