మాంగా ముచ్చట్లు: ఏది చూడాలి, ఏది చదవాలి?

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ మాంగా (జపాన్ కామిక్స్), యానిమే (జపాన్ కార్టూన్లు) రంగంలోని పాత యాక్షన్ సిరీస్‌ల మీదే వచ్చాయి. కొన్నింటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాం. కథలో ఎవరు పోతారో చెప్పాల్సి వచ్చిన చోట ముందే హెచ్చరించాం.

ప్రశ్న: 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగులో థియేటర్లో చూసినప్పటి నుంచి యానిమే పిచ్చి పట్టుకుంది. పాతవాటిలో దేంతో మొదలుపెట్టమంటారు? – ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: యూయూ హకుషోతో మొదలుపెట్టండి. యోషిహిరో తొగాషి 1990 నుంచి 1994 వరకు గీసిన మాంగా ఇది, మొత్తం 19 సంపుటాలు. యానిమే 112 ఎపిసోడ్లు. హీరో యూసుకే మొదటి ఎపిసోడ్‌లోనే చనిపోయి ఆత్మగా తిరుగుతాడు. ఆ దయ్యాల ముచ్చట మాంగాలో సుమారు రెండు సంపుటాలు సాగుతుంది. యానిమే దాన్ని కుదించి ఐదో ఎపిసోడ్‌కే అతన్ని బతికిస్తుంది. కాబట్టి మొదటి నాలుగు ఎపిసోడ్లు చూసి "ఇందులో ఫైట్లేవీ?" అని వదిలేయకండి. 26 నుంచి 66 దాకా నడిచే 'డార్క్ టోర్నమెంట్' కోసమే ఈ సిరీస్ చూడొచ్చు.

దీన్నే ముందు చెప్పడానికి కారణం ఉంది. మొదట్లో యూసుకే వేలి నుంచి వదిలే 'రెయ్‌గన్' రోజుకు ఒక్కసారే పేలుతుంది. ఉన్నది ఒక్క తూటా కాబట్టి ఎప్పుడు వాడాలన్నదే ఫైట్ అంతా. ఇలా హద్దు తెలిసిన బలంతో జరిగే పోరాటంలోనే ఉత్కంఠ ఉంటుంది. చివరి భాగం తొగాషి చాలా తొందరగా ముగించేశారు. అక్కడ మాంగా కంటే యానిమేనే నిండుగా ఉంటుంది. అందుకే దీన్ని చదవడం కంటే చూడటం మేలు.

ప్రశ్న: డ్రాగన్ బాల్ జెడ్‌లో విలన్ ఫ్రీజా "ఇంకో ఐదు నిమిషాల్లో ఈ గ్రహం పేలిపోతుంది" అంటాడు. అది పేలేసరికి నాకు వారాలు పట్టింది. ఎందుకంత సాగదీశారు? ఏవి వదిలేయొచ్చు? – విజయవాడ

జవాబు: లెక్క చూస్తే కారణం తెలిసిపోతుంది. అకిరా తొరియామా మాంగా మొత్తం 519 అధ్యాయాలు. జెడ్ కథ 195వ అధ్యాయంలో మొదలవుతుంది, అంటే 325 అధ్యాయాలు. వాటికి తీసిన ఎపిసోడ్లు 291. వారానికి దాదాపు 15 పేజీల అధ్యాయం ఒకటి వస్తుంటే, దాంతోనే వారానికి ఇరవై నిమిషాలకు పైగా బొమ్మ నింపాలి. ఫైట్‌లో ఆ 15 పేజీల్లో మాటలు తక్కువ, గుద్దులు ఎక్కువ. నిజంగా తీస్తే ఐదారు నిమిషాలకు మించి రాదు. మాంగాను దాటి ముందుకు పోవడానికి లేదు, ప్రసారం ఆపడానికీ లేదు. దాంతో చూసేవాళ్ల ముఖాలు, పగిలే రాళ్లు, కిందటి వారం కథ, అరుపులు చేరాయి. ఫ్రీజా చెప్పిన ఐదు నిమిషాలు దాదాపు పది ఎపిసోడ్లు అయింది అందుకే.

వదిలేయదగ్గవి: 108 నుంచి 117 దాకా ఉన్న గార్లిక్ జూనియర్ కథ, 195 నుంచి 199 దాకా పరలోకంలో జరిగే పోటీ. ఇవి మాంగాలో లేవు. హీరో గోకూ, అతని తోటి యోధుడు పికోలో డ్రైవింగ్ నేర్చుకునే 125వ ఎపిసోడ్ కూడా మాంగాలో లేదు, కానీ దాన్ని మాత్రం వదలొద్దు. ఆ ఇద్దరి స్వభావాలు అంత చక్కగా బయటపడే సన్నివేశాలు ఫైట్లలో కూడా తక్కువే.

అంత ఓపిక లేకపోతే 2009లో మొదలైన 'కాయ్' చూడండి. జెడ్ పాత ఫిల్మునే కోసి, మాంగాలో లేనిదాన్ని చాలావరకు తీసేసి చేసిన కూర్పు ఇది. సెల్ అనే విలన్ కథ ముగిసేదాకా జెడ్‌లో 194 ఎపిసోడ్లు పడితే కాయ్‌లో 98 చాలు. ఒక్క తేడా గమనించండి. కాయ్‌కి మొదట కెంజి యామామొతో సంగీతం ఇచ్చారు. ఆ బాణీలు వేరేవాళ్ల పాటల్లోంచి తీసుకున్నవన్న వివాదం వచ్చి 2011లో వాటిని తొలగించి, పాత జెడ్‌కి షున్‌సుకే కికూచి చేసిన సంగీతం పెట్టారు. అందుకే ఒకే ఎపిసోడ్ రెండు చోట్ల రెండు రకాలుగా వినిపిస్తుంది. మీ ఫైలు పాడైందేమోనని కంగారు పడక్కర్లేదు.

మా మాట అడిగితే, ఫ్రీజా కథకు మాంగానే సాటి. తొరియామా ఫైట్లలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో, దెబ్బ ఎటు నుంచి వచ్చిందో అన్న గందరగోళం పేజీలోని ఒక్క బొమ్మ గడిలోనూ ఉండదు. గోకూ బలం పెరిగి 'సూపర్ సాయన్' రూపంలోకి మారినప్పుడు జుట్టు బంగారు రంగుకు మారడం వెనకా పని సుళువే ఉంది. నలుపు తెలుపు పేజీలో ఆ జుట్టును తెల్లగా వదిలేస్తే, ప్రతి గడిలో సిరాతో నలుపు నింపే సహాయకుడికి బోలెడు సమయం కలిసొచ్చేది.

ప్రశ్న: కొత్త 55 అంగుళాల టీవీలో పాత యానిమే పెడితే బొమ్మలు నూనెలో జారుతున్నట్టు కదులుతున్నాయి. తలలు కూడా తెగిపోతున్నాయి. టీవీ లోపమా? – కర్నూలు

జవాబు: లోపం కాదు, సెట్టింగులు. అవి రెండు వేర్వేరు సమస్యలు.

జారుడు గురించి ముందు. ఫిల్ములో సెకనుకు 24 ఫ్రేములు. పాత యానిమేలో ఒక్కో బొమ్మను రెండు, మూడు ఫ్రేముల పాటు నిలిపి ఉంచేవారు. అంటే సెకనుకు 8 నుంచి 12 కొత్త బొమ్మలు. గుద్దు తగిలే చోట బొమ్మ ఉన్నట్టుండి మారడంలోనే ఆ దెబ్బ బలం కనిపిస్తుంది. మీ టీవీ ఆ రెండు బొమ్మల మధ్య లేని బొమ్మలను తనే పుట్టించి ఇరికిస్తోంది. గీతలు సాగి, వేళ్లు కరిగినట్టు కనపడేది దానివల్లే. శాంసంగ్‌లో 'ఆటో మోషన్ ప్లస్' లేదా 'పిక్చర్ క్లారిటీ', ఎల్‌జీలో 'ట్రూమోషన్', సోనీలో 'మోషన్‌ఫ్లో' అని ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆఫ్ చేయండి. మీ టీవీలో 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉంటే అదొక్కటి నొక్కితే చాలు. 'నాయిస్ రిడక్షన్' కూడా తీసేయండి. ఫిల్ము గింజలతో (గ్రెయిన్) పాటు సన్నటి పెన్సిలు గీతలనూ అది తుడిచేస్తుంది.

ఇక తలలు. ఆ కాలం బొమ్మ 4:3 కొలతలో ఉంటుంది. దాన్ని 16:9 తెర వెడల్పంతా నింపేలా పెంచితే ఎత్తులో సరిగ్గా నాలుగో వంతు పోతుంది. 'జూమ్', 'వైడ్' తీసేయండి. పాత డీవీడీ అయితే 4:3 పెట్టండి. స్ట్రీమింగ్‌లో మాత్రం పక్కల నల్లపట్టీలు వీడియోలోనే కలిసి వస్తాయి కాబట్టి టీవీని 16:9లోనే ఉంచాలి. అక్కడా 4:3 పెడితే మనుషులు సన్నగా పీక్కుపోయి కనిపిస్తారు. కొన్ని బ్లూరే పెట్టెల్లో తయారీలోనే కోసేశారు. దానికి మీ టీవీ ఏమీ చేయలేదు. కొనేముందు పెట్టె వెనక 4:3 లేదా 1.33:1 అని ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: హొకుతో నో కెన్ అంటే తలలు పేలడం తప్ప ఏముందని మా అన్నయ్య అంటాడు. 152 ఎపిసోడ్లు చూడాలా? – నెల్లూరు

జవాబు: మీ అన్నయ్య బహుశా మొదటి ఇరవై ఎపిసోడ్లే చూసి ఉంటారు. బురోన్సన్ రాయగా తెత్సువో హారా గీసిన ఈ మాంగా 1983 నుంచి 1988 దాకా వచ్చింది. అందులో హీరో కెన్షిరోకు షిన్ అనే విలన్‌తో ఉన్న పగ రెండో సంపుటానికల్లా తేలిపోతుంది. యానిమే దాన్ని 22 ఎపిసోడ్లు లాగింది. దారిలో దొరికిన ప్రతి రౌడీనీ షిన్ మనిషిని చేసేసింది. ఒకటో ఎపిసోడ్, 22వ ఎపిసోడ్ చూసి, 23 నుంచి వరసగా పట్టుకోండి. 109తో మొదటి సిరీస్ ముగుస్తుంది, ప్రధాన ప్రత్యర్థి రావో కథ అక్కడితో సరి. తర్వాతి 43 ఎపిసోడ్లు చూడకపోయినా లోటు లేదు. మాంగాకైనా ఇదే సలహా: 27 సంపుటాల్లో 16వ దాని దగ్గర ఆగిపోవచ్చు. తలలు పేలడం సంగతంటారా, టీవీ సిరీస్‌లో వాటిని నీడలుగానో తెల్లటి వెలుగులోనో దాచేశారు. 1986 నాటి సినిమాలో దాచలేదు. పిల్లల ముందు అది పెట్టకండి.

ఈ కథ తెలుగువాళ్లకు ఎంత దగ్గరగా వస్తుందో చూడండి. హొకుతో అంటే ఉత్తరాన గరిటె ఆకారంలో ఉండే ఏడు చుక్కలు, మన సప్తర్షి మండలం. కెన్షిరో ఛాతీ మీద షిన్ వేళ్లతో పొడిచిన ఏడు మచ్చలదీ అదే ఆకారం. ఆ గరిటె కాడ చివరి నుంచి రెండో చుక్క వసిష్ఠుడు. దాన్ని ఆనుకుని మిణుకుమనేది అరుంధతి, పెళ్లిలో పురోహితుడు వధూవరులకు చూపించేది. ఈ కథలో దాని పేరు 'షిచోసెయ్', చావును సూచించే చుక్క. అది ఎవరికి కనిపిస్తే వాళ్లు ఆ ఏడాదిలోపే పోతారు. మన దగ్గర నమ్మకం సరిగ్గా దీనికి తలకిందులు. ఆయువు తీరినవాళ్లు ఆరిపోయిన దీపం వాసన పసిగట్టలేరని, మిత్రుడి మాట వినిపించుకోరని, అరుంధతిని చూడలేరని హితోపదేశంలో శ్లోకం ఉంది.

ఇది తెలిసి యోధురాలు మమియా ఘట్టం చదవండి. సప్తర్షుల పక్కన చుక్క కనిపిస్తోందా అన్న మాటకు ఆమె అవునంటుంది, దాని అర్థం తెలియకుండానే. కెన్షిరో మిత్రుడు రే ముఖం మారిపోతుంది. పెళ్లి మంటపంలో ఆశీర్వాదంగా చూపే చుక్క ఇక్కడ మరణశాసనం. రే గొప్పతనం అంతా ఆ తర్వాతి పేజీల్లోనే ఉంది. అతని 'నాంతో' విద్య పేరూ చుక్కలదే: ధనుస్సు రాశిలోని ఆరు చుక్కల దక్షిణపు గరిటె. చైనా నమ్మకంలో ఉత్తరపు గరిటెది చావు లెక్క, దక్షిణపు దానిది బతుకు లెక్క. హొకుతో, నాంతోల మధ్య పోరుకు మూలం అదే.

ప్రశ్న: సెయింట్ సెయాలో కన్యారాశి యోధుడు షాకా భారతీయుడేనా? – విశాఖపట్నం

జవాబు: అవును, మసామి కురుమాద అతన్ని భారతదేశంలో పుట్టినవాడిగానే రాశారు. షాకా అన్న పేరే శాక్యముని. శక్తి కూడగట్టడానికి కళ్లు మూసుకుని ఉంటాడు, తెరిస్తే ఎదుటివాడి పని అయిపోయినట్టే. అతని ఒక అస్త్రం శత్రువును బౌద్ధులు చెప్పే ఆరు లోకాల్లోకి తోస్తుంది. హేడిస్ కథ చూడనివాళ్లు ఈ ఒక్క వాక్యం వదిలేయండి: అతను ప్రాణం విడిచేది జంట సాలవృక్షాల కింద, కుశీనగరంలో బుద్ధుడు నిర్యాణం చెందినట్టే. 74 నుంచి 99 దాకా ఉన్న ఆస్గార్డ్ కథ మాంగాలో లేదని కొందరు వదిలేస్తారు. మీరు వదలకండి. మాంగాలో లేని కథ అంత శ్రద్ధగా తీయడం ఆ రోజుల్లో అరుదు.

ప్రశ్న: అందరూ 'అషితా నో జో' గొప్పదంటారు. మరీ పాతది కదా, ఇప్పుడు చదవగలమా? – ఖమ్మం

జవాబు: చదవగలరు. 1968 నుంచి 1973 దాకా వచ్చిన బాక్సింగ్ మాంగా, 20 సంపుటాలు. ఇకపై చదివితే కథలో ఒక మరణం తెలిసిపోతుంది. ప్రత్యర్థి రికిఇషిని చిత్రకారుడు తెత్సుయా చిబా మొదట్లో హీరో జో కంటే బాగా పొడుగ్గా గీసేశారు. బాక్సింగ్‌లో ఇద్దరూ ఒకే బరువు తరగతిలో ఉండాలి కదా. ఆ చిక్కు విడదీయడానికే రికిఇషి తిండీ నీళ్లూ మాని బరువు దించే ఘట్టం పుట్టింది. గీతలో జరిగిన పొరపాటు కథలో అన్నిటికంటే భయంకరమైన అధ్యాయాలకు దారితీసింది. ఆ పాత్ర పోయాక 1970 మార్చిలో కవి షూజి తెరయామా చొరవతో ప్రచురణకర్త కోదన్షా కార్యాలయంలో నిజంగానే అంత్యక్రియలు జరిపారు. సుమారు 700 మంది వచ్చారు. కొళాయిలన్నీ తీగలతో కట్టేసిన గదిలో రికిఇషి నీళ్ల కోసం వెతికే పేజీలు చదివితే వాళ్లెందుకు వచ్చారో తెలుస్తుంది.

ప్రశ్న: అబిడ్స్ ఆదివారం బజారులో పాత మాంగాలు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు ఏం చూడాలి? – హైదరాబాద్

జవాబు: మొదట పుస్తకం ఎటు తెరుచుకుంటుందో చూడండి. మాంగా కుడి నుంచి ఎడమకు చదవాలి. పేజీలో పైన కుడి మూల గడితో మొదలుపెట్టాలి, గడిలో మాటల బుడగలు కూడా అదే వరస. పాత ఇంగ్లీషు ముద్రణలు కొన్నింటిలో బొమ్మను అద్దంలోలా తిప్పేసి ఎడమ నుంచి అచ్చేశారు. తిప్పినదో కాదో కనిపెట్టడానికి కిమోనో చూడండి. మనకు ఎదురుగా నిలబడ్డ మనిషి ఒంటిమీద వాళ్ల ఎడమ వైపు అంచు పైన ఉండాలి. కుడి అంచు పైకి వేయడం జపాన్‌లో శవానికే. కత్తి కూడా ఎడమ నడుముకే ఉండాలి. కుడి నడుముకుంటే అది తిప్పిన ప్రతి.

నకలు ప్రతులు తేలిగ్గా దొరికిపోతాయి. చిక్కటి నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు, చుక్కల నీడల్లో అలలు అలలుగా చారలు, మధ్య మడతలోకి జారిపోయిన మాటలు కనిపిస్తాయి. రెండు పేజీల బొమ్మ ఉన్నచోట తెరిచి మడత దగ్గర చూడండి.

డ్రాగన్ బాల్ ఇంగ్లీషు సంపుటాల్లో చాలామంది పొరబడతారు. మొదటి 16 'డ్రాగన్ బాల్' పేరుతో, తర్వాతి 26 'డ్రాగన్ బాల్ జెడ్' పేరుతో వచ్చాయి. రెండు వరసల్లోనూ ఒకటో నంబరు ఉంటుంది కాబట్టి వెన్ను మీద పేరు, నంబరు రెండూ చూసి తీసుకోండి. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ సంచిలో బిగించి పెట్టకండి. వానాకాలంలో లోపలి తేమకు పేజీలు అతుక్కుని బూజు పడుతుంది. గోడకు రెండు అంగుళాల ఎడంగా, ఎండ తగలని అరలో నిలువుగా పేర్చి, వరసకు రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తేమ పీల్చాక మార్చండి.