నల్లమడా, తెల్లమడా: తేడా ఎక్కడ చూడాలి

తీరంలోని ఉప్పు బురదలో పెరిగే నల్లమడ, తెల్లమడ చెట్లకు, శ్వాసవేళ్లు (గాలి పీల్చుకునే వేళ్లు) చూసినా తేడా తెలియడం లేదని మీరన్నారు. తెలియదండీ. బురదలోంచి పెన్సిళ్లలా నిలువుగా లేచే ఆ వేళ్లు రెండింటికీ ఉంటాయి. ఆకు మీద ఉప్పు పొడీ అంతే.

ఆకు కొన చూడండి. నల్లమడకు గుండ్రంగా, తెల్లమడకు మొనదేలి ఉంటుంది. ఒక్క ఆకుతో మాత్రం తేల్చకండి. ఉప్పు ఎక్కువైన చోట ఆకులు చిన్నవై ఆకారం మారుతుంది. లేత చిగుళ్లు వదిలేసి, వేర్వేరు కొమ్మల నుంచి పది ముదురాకులు పరిశీలించండి.

పూత ఉంటే అనుమానమే అక్కర్లేదు. రెండూ పసుపు, నారింజ ఛాయలే కానీ నల్లమడ పువ్వు సుమారు 1 సెం.మీ., తెల్లమడది దాదాపు అందులో సగం. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, లేకపోతే పరిమాణం అస్సలు తెలియదు. చెట్టు బెరడు కూడా తీయండి: తెల్లమడది పలచని పెచ్చులుగా ఊడుతుంది.