ఫెలైన్ లుకేమియా పాజిటివ్ వచ్చిన పిల్లి పిల్లను ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మూడు నెలల పిల్లి పిల్లకు ర్యాపిడ్ టెస్టులో ఫెలైన్ లుకేమియా (పిల్లులకు వచ్చే ఒక వైరస్ జబ్బు) పాజిటివ్ వచ్చిందనీ, ఇంట్లో ఇంకో పెద్ద పిల్లి, రెండేళ్ళ పాప ఉన్నారనీ, "ఇంజెక్షన్ ఇప్పించేయండి, బాధ తప్పుతుంది" అని, అంటే నొప్పి లేకుండా ప్రాణం తీయించేయమని, తెలిసినవాళ్ళు అంటున్నారనీ రాశారు. పిల్ల బాగానే తింటోంది, ఆడుతోంది అని కూడా మీరే రాశారు. అలాంటప్పుడు ఒక్క టెస్టు చూసి ఆ నిర్ణయానికి రాకండి. మా పిల్లి పాండుకూ దాదాపు అదే వయసులో పాజిటివ్ వచ్చింది. నాలుగో ఏడు వచ్చేదాకా వాడు మా ఇంట్లో హాయిగా తిరిగాడు.

క్లినిక్‌లో చేసే ర్యాపిడ్ టెస్టు రక్తంలో వైరస్ ప్రొటీన్ ఉందో లేదో చూస్తుంది. కొన్ని పిల్లుల్లో వైరస్ మొదట రక్తంలో కనిపించి, కొన్ని వారాలకు అణిగిపోతుంది. పూర్తిగా పోదు, ఎముక మూలుగలో మిగిలే ఉంటుంది. కానీ అలాంటి పిల్లులు చాలాకాలం మామూలుగా బతకగలవు. అందుకే కొన్ని వారాలు ఆగి మళ్ళీ టెస్టు చేయించండి, వీలైతే పీసీఆర్‌కు (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ల్యాబ్ పరీక్ష) కూడా పంపమని అడగండి. పాండుకు రెండోసారీ పాజిటివే వచ్చింది. ఆ రోజు నేను చాలా ఏడ్చాను. వాడు మాత్రం ఇంటికి రాగానే కర్టెన్ ఎక్కి కూర్చున్నాడు.

పాప గురించి టెన్షన్ పడకండి. 1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పశువైద్య శాస్త్రవేత్త విలియం జారెట్ బృందం ఈ వైరస్‌ను కనుక్కుంది. ఇన్నేళ్ళలో ఇది మనిషికి అంటి జబ్బు చేసిన దాఖలా లేదు. అసలు ఆలోచించాల్సింది పెద్ద పిల్లి గురించి. ఈ వైరస్ ఎక్కువగా ఉమ్మి ద్వారా అంటుతుంది. ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కొరుక్కోవడం చాలు. దానికీ ఇప్పుడే టెస్టు చేయించండి. నెగిటివ్ వచ్చినా, రెండింటినీ విడదీసిన నెల దాటాక మరోసారి చేయించాలి. ఈలోపు వేరే గది, వేరే గిన్నెలు, వేరే లిట్టర్ ట్రే. దీనికి టీకా ఉంది కానీ నెగిటివ్ పిల్లికే పనికొస్తుంది, దొరుకుతుందేమో డాక్టర్‌గారిని అడగండి. ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగే పని పెట్టుకోకండి. వైరస్ బయట ఎక్కువసేపు బతకదు, సబ్బు నీళ్ళు చాలు. ఫినాయిల్ పిల్లులకు విషం.

ఈ వైరస్‌ను పూర్తిగా పోగొట్టే మందు లేదు. అది రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది, కొన్నిటికి లింఫోమా అనే క్యాన్సర్ వస్తుంది. కాబట్టి మన చేతిలో ఉన్నది ఇంకో జబ్బు దరిచేరకుండా చూడటం, చేరితే ఆ రోజే పట్టుకోవడం. బయటికి అసలు వదలొద్దు, బాల్కనీకి మెష్ వేయించండి. చికెన్ షాపువాళ్ళు ఇచ్చే పచ్చి పేగులు, కాళ్ళు పెట్టొద్దు. మా ఇంట్లో ఎముకల్లేని చికెన్ ఉప్పు కూడా వేయకుండా ఉడికించి, క్యాట్ ఫుడ్‌లో కలిపేవాళ్ళం. కూరలో ముక్క తీసి పెట్టడం మీకు అలవాటైతే మానేయండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి, రక్తం తగ్గే జబ్బున్న పిల్లకు అది ఇంకా ప్రమాదం. నులిపురుగుల మందు, ఒంటి మీద పురుగులకు చుక్కల మందు డాక్టర్ చెప్పిన ప్రకారం వేయండి. కుక్కల కోసం అమ్మే చుక్కల మందు మాత్రం వద్దు, వాటిలో కొన్ని పిల్లుల ప్రాణం తీస్తాయి. వయసు రాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఒక నోట్‌బుక్. వారానికోసారి కిచెన్ త్రాసు మీద బరువు చూసి రాసుకునేదాన్ని. రోజూ పొద్దున పెదవి కొంచెం ఎత్తి చిగుళ్ళ రంగు చూసేదాన్ని. గులాబీ రంగు పోయి పాలిపోతున్నాయంటే రక్తం తగ్గుతున్నట్టే. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 దాటుతుంటే, ఒళ్ళు 103 డిగ్రీల ఫారిన్‌హీట్ దాటితే, ఒక పూట పూర్తిగా తిండి మానేస్తే రేపటిదాకా ఆగకండి. నోరు తెరిచి ఆయాసపడుతుంటే అర్ధరాత్రైనా బయల్దేరాలి. జ్వరం ఉంది కదా అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయకండి, చిన్న ముక్క కూడా పిల్లిని చంపగలదు. డాక్టర్ డాక్సీసైక్లిన్ మాత్ర రాస్తే, వేశాక సిరంజితో కొంచెం నీళ్ళు పట్టించండి. లేకపోతే గొంతులో అతుక్కుని పుండు చేస్తుంది. ఏమీ లేకపోయినా ఆరు నెలలకోసారి రక్తపరీక్ష అవసరం. పాండుకు రక్తహీనత మొదలైన సంగతి మాకు అలాంటి పరీక్షలోనే తెలిసింది, అందుకే ఇంకొన్ని నెలలు వాడిని బాగా చూసుకోగలిగాం.

చివర్లో మేమూ ఇంజెక్షన్ ఇప్పించాం. ఇష్టమైన చికెన్ ముందు పెట్టినా మొహం తిప్పేసుకుని, లిట్టర్ ట్రే దాకా కూడా నడవలేకపోయిన రోజున. అది తప్పని నేను అనను. కానీ దానికి వేళ పిల్లి పరిస్థితి చెబుతుంది, రిపోర్టు కాగితం కాదు. మీ పిల్లకు ఆ వేళ రాలేదు.

మీ ఊళ్ళో పిల్లుల్ని బాగా చూసే డాక్టర్ లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి, వాటి ఆసుపత్రుల్లో అడగండి. ఈ రిపోర్టు వెంట తీసుకెళ్ళండి. వెళ్ళగానే పాజిటివ్ అని ముందే చెప్పి, పిల్లను బుట్టలోంచి తీయకుండా మిగతా పిల్లులకు దూరంగా కూర్చోండి.